కొలెస్ట్రాల్ 200 లోపు ఉంటే చాలునా?

సంపాదకుల వారికి నమస్కారం.

ఇటీవల మీ పత్రిక ఆరోగ్యం పేజీలో కొలెస్ట్రాల్ గురించి ఒక వ్యాసం వచ్చింది. శ్రద్ధగా రాసిన వ్యాసమే. అయితే దాని పక్కన రంగు గడిలో పెద్ద అక్షరాలతో వేసిన ఒక్క వాక్యం, అంటే మొత్తం కొలెస్ట్రాల్ 200 లోపు ఉన్నవారు గుండె గురించి దిగులు పడనక్కర లేదన్న మాట, చదివిన తరువాత ఈ ఉత్తరం రాయకుండా ఉండలేకపోయాను. నేను వైద్యుణ్ణి కాను. విజయనగరం జిల్లా బొబ్బిలిలో 26 ఏళ్లుగా రక్తపరీక్షల ల్యాబు నడుపుతున్న టెక్నీషియన్ని. మీరు ఒక్క రోజు వేసిన ఆ మాటను నేను ఇన్నేళ్లుగా ప్రతి రిపోర్టు మీదా, కుడివైపు గడిలో, ‘200 లోపు నార్మల్’ అని అచ్చు వేసి చేతికిస్తూనే ఉన్నాను. కాబట్టి ఇది మీ మీద ఫిర్యాదు కాదు. ఆ అంకె ఎక్కడిదో, ఎవరి రక్తాన్ని చూసి పెట్టినదో, మన రక్తానికి అది ఎంతవరకు సరిపోతుందో నేను ఆలస్యంగా తెలుసుకున్నాను. మీ పాఠకులు అంత ఆలస్యం చేయకూడదని రాస్తున్నాను.

గత ఏడాది ఎండాకాలంలో ఒకాయన మా ల్యాబుకు వచ్చారు. వయసు 44. లారీ తోలతారు. మనిషి లావు కాదు, చొక్కా గుండీల దగ్గర పొట్ట మాత్రం కొంచెం ముందుకు వచ్చి ఉంది. తండ్రి యాభై దాటకుండానే ఒక రాత్రి నిద్రలో పోయాడనీ, భార్య పోరు పడలేక పరీక్షకు వచ్చాననీ చెప్పారు. రిపోర్టులో మొత్తం కొలెస్ట్రాల్ 178, ట్రైగ్లిజరైడ్లు అనే రక్తంలోని మరో రకం కొవ్వు 260, మంచి కొలెస్ట్రాల్ అని మనం పిలిచే హెచ్‌డీఎల్ 31, చెడు కొలెస్ట్రాల్ అని పిలిచే ఎల్‌డీఎల్ 95 అని వచ్చింది. కాగితం చేతికిస్తూ, ‘కొలెస్ట్రాల్ ఏమీ లేదు తమ్ముడూ, బాగానే ఉంది’ అన్నది నేనే. అయిదు నెలలు తిరగకుండా ఆయనకు గుండెపోటు వచ్చింది. విశాఖ తీసుకువెళ్లి రెండు స్టెంట్లు వేయించారు. ప్రాణం దక్కింది. తరువాత ఒకనాడు ఆయన భార్య ఆ పాత రిపోర్టును ప్లాస్టిక్ కవరులోంచి తీసి, మడతలు సాపు చేసి, నా బల్ల మీద పెట్టి, ‘ఇందులో ఏటీ లేదన్నారు కదా అన్నియ్యా?’ అని అడిగింది. ఆమె గొంతులో కోపం లేదు, నిజంగానే తెలుసుకోవాలని అడిగింది. ఆ రోజు నా దగ్గర సమాధానం లేదు.

ముందు ఆ 200 సంగతి చూద్దాం (ఈ ఉత్తరంలో రక్తపు కొవ్వుల అంకెలన్నీ డెసిలీటరుకు ఇన్ని మిల్లీగ్రాములని). 200 లోపు కోరదగినది, 200 నుంచి 239 వరకు అంచున ఉన్నట్టు, 240 నుంచి ఎక్కువ అనే విభజనను అమెరికా జాతీయ కొలెస్ట్రాల్ కార్యక్రమం 1988లో ప్రకటించింది. దాని వెనుక ఉన్న జ్ఞానంలో పెద్ద భాగం మసాచుసెట్స్ రాష్ట్రంలోని ఫ్రామింగ్‌హామ్ అనే ఊరి నుంచి వచ్చింది. 1948లో అక్కడ 5,209 మంది స్త్రీ పురుషులను నమోదు చేసుకుని, వారిని ఏళ్ల తరబడి పరీక్షిస్తూ, ఎవరికి గుండెజబ్బు వచ్చింది, ఎందుకు వచ్చిందని చూశారు. గుండెజబ్బుకు రక్తపోటు, కొలెస్ట్రాల్, పొగ కారణాలని ప్రపంచానికి గట్టిగా చెప్పినది ఆ ఊరే, దాని రుణం మనందరి మీదా ఉంది. అయితే ఆ 5,209 మంది దాదాపు అందరూ ఐరోపా మూలాలున్న తెల్లవారు. వారి రక్తంలో ఏ అంకె దగ్గర ఎంత ముప్పు ఉందో అది వారికి చక్కగా చెప్పింది. అదే అంకె బొబ్బిలిలోనూ అదే ముప్పును చెబుతుందని ఎవరూ హామీ ఇవ్వలేదు. మనమే అలా అనుకున్నాం.

ఒకే కొలెస్ట్రాల్ అంకె వేర్వేరు ప్రజల్లో వేర్వేరు అర్థాలు ఇస్తుందనడానికి చాలా పాత రుజువు ఉంది. ఆన్సెల్ కీస్ అనే శాస్త్రవేత్త 1958లో మొదలుపెట్టిన ఏడు దేశాల అధ్యయనంలో అమెరికా, ఫిన్లాండ్, నెదర్లాండ్స్, ఇటలీ, గ్రీసు, అప్పటి యుగోస్లావియా, జపాన్ దేశాల మగవారిని చూశారు. వారిని 25 ఏళ్లు వెంబడించిన లెక్కలు 1995లో వెలువడ్డాయి. కొలెస్ట్రాల్ సుమారు 210 ఉన్నవారినే తీసుకుంటే, ఆ 25 ఏళ్లలో గుండెజబ్బుతో చనిపోయినవారు జపాన్‌లోనూ మధ్యధరా తీరంలోని దక్షిణ ఐరోపాలోనూ నూటికి నలుగురైదుగురు కాగా, ఉత్తర ఐరోపాలో నూటికి దాదాపు 15 మంది. రక్తంలో ఉన్నది అదే 210, పోయిన ప్రాణాలు మాత్రం మూడింతలు. అలాగని కొలెస్ట్రాల్‌కు ప్రాముఖ్యం లేదని కాదు. జపాన్ మినహా అన్ని చోట్లా కొలెస్ట్రాల్ పెరిగినకొద్దీ ముప్పు కూడా స్పష్టంగా పెరిగింది. కాకపోతే మెట్లు ఎక్కడం ఒక్కొక్కరు ఒక్కొక్క ఎత్తు నుంచి మొదలుపెట్టారు. ఆ ఎత్తును నిర్ణయించేవి తిండి, పొగ, రక్తపోటు, శ్రమ, చక్కెర జబ్బు, పుట్టుకతో వచ్చిన కొన్ని గుణాలు. అవేవీ నా రిపోర్టు కాగితం మీద ఉండవు.

ఆఫ్రికా మూలాలున్నవారి కథ ఇంకా ఆలోచింపజేస్తుంది. వారిలో సాధారణంగా హెచ్‌డీఎల్ ఎక్కువగా, ట్రైగ్లిజరైడ్లు తక్కువగా ఉంటాయి. ఆ లెక్కన గుండెజబ్బు తక్కువ ఉండాలి. బ్రిటన్‌లో స్థిరపడ్డ కరీబియన్ నల్లజాతీయుల్లో నిజంగానే తెల్లవారికంటే గుండెపోట్లు తక్కువ, పక్షవాతం మాత్రం ఎక్కువ. అట్లాంటిక్‌కు అవతలి ఒడ్డున, అమెరికాలో, అదే మూలాలున్నవారు గుండెజబ్బుతో తెల్లవారికంటే ఎక్కువగా చనిపోతున్నారు. అదుపు లేని రక్తపోటు, పేదరికం, వైద్యం అందకపోవడం అక్కడ హెచ్‌డీఎల్ ఇచ్చిన మేలును మింగేశాయి. కాబట్టి జాతి అన్న మాటను రక్తంలో రాసిపెట్టిన తలరాతగా చదవడం పొరపాటు. ఆ మాటను పూర్తిగా పక్కన పెట్టడం కూడా పొరపాటే. ఇదే నల్లజాతీయుల్లో కొందరికి పీసీఎస్‌కే9 అనే జన్యువులో ఒక మార్పు పుట్టుకతో ఉంటుందని, దానివల్ల వారి ఎల్‌డీఎల్ 28 శాతం తక్కువగా ఉండి, గుండెజబ్బు ముప్పు 88 శాతం తగ్గిందని 2006లో అమెరికా పరిశోధకులు చూపించారు. ఆ జాతిని పరీక్షించకపోయి ఉంటే ఆ సంగతి అంత తొందరగా బయటపడేది కాదు, దాని ఆధారంగా ఇవాళ ప్రపంచమంతా వాడుతున్న కొత్త ఇంజెక్షన్లూ అంత త్వరగా వచ్చేవి కావు.

ఇక మన సంగతి. భారత ఉపఖండపు వారి మొత్తం కొలెస్ట్రాల్, ఎల్‌డీఎల్ తెల్లవారికంటే ఎక్కువేమీ కాదు, చాలా చోట్ల తక్కువే. అయినా గుండెజబ్బు మనకే ఎక్కువ, మనకే ముందు. హృద్రోగ పరిశోధకుడు సలీం యూసుఫ్ నాయకత్వంలో 52 దేశాల్లో జరిగిన ఇంటర్‌హార్ట్ అధ్యయనంలో తొలి గుండెపోటు వచ్చిన వయసు దక్షిణాసియా వారిలో సగటున 53 అయితే, మిగతా దేశాల వారిలో దాదాపు 59. ఆరేళ్ల తేడా. ఇంట్లో పిల్లవాడి చదువు పూర్తయి ఉద్యోగంలో చేరడానికి, ఇంకా పదో తరగతి ఫీజు కట్టవలసి ఉండడానికి మధ్య ఉన్న తేడా అది. బ్రిటన్‌లో లక్షల మందిని సుమారు 11 ఏళ్లు వెంబడించి 2021లో వెలువరించిన లెక్కల్లో గుండె, రక్తనాళాల జబ్బు ఐరోపా మూలాలవారిలో 4.4 శాతం మందికి రాగా, దక్షిణాసియా మూలాలవారిలో 6.8 శాతం మందికి వచ్చింది. వయసు వంటి తేడాలను సరిచేసి చూస్తే ముప్పు రెట్టింపు.

ఎందుకు? ఇక్కడే నా వృత్తికి సంబంధించిన మాట చెప్పాలి. మా దగ్గరకు వచ్చే రిపోర్టుల్లో తరచుగా కనిపించే తీరు ఆ లారీ డ్రైవరుగారి తీరే. మొత్తం కొలెస్ట్రాల్ 200 లోపు, హెచ్‌డీఎల్ ముప్పైల్లో, ట్రైగ్లిజరైడ్లు రెండు వందలు దాటి. రక్తం గడ్డకట్టాక ట్యూబును సెంట్రిఫ్యూజ్‌లో తిప్పితే పైన తేలే సీరం లేత గడ్డిరంగులో, గాజులా ఉండాలి. పెళ్లిళ్ల రోజుల్లో, పండుగ మర్నాళ్లలో ఆ ట్యూబును వెలుతురుకు ఎత్తి పట్టుకుంటే కొందరి సీరం కలిపిన మజ్జిగలా తెల్లగా కనిపిస్తుంది, దాని వెనుక పెట్టిన కాగితం మీద అక్షరాలు చదవలేం. ఆ తెలుపు ట్రైగ్లిజరైడ్లది. ఆ తెలుపు అంతగా ఉన్నా కాగితం మీద మొత్తం కొలెస్ట్రాల్ నార్మల్ అనే రావచ్చు.

చిన్న ఊళ్లలో చాలా ల్యాబుల్లో ఎల్‌డీఎల్‌ను నేరుగా కొలవరు, లెక్క కడతారు. ఫ్రీడ్‌వాల్డ్ అనే ఆయన బృందం 1972లో ఇచ్చిన సూత్రం అది. మొత్తం కొలెస్ట్రాల్‌లోంచి హెచ్‌డీఎల్‌ను, ట్రైగ్లిజరైడ్లలో అయిదో వంతును తీసేస్తే మిగిలేది ఎల్‌డీఎల్. డ్రైవరుగారి రిపోర్టులో 178లోంచి 31, మరి 260లో అయిదో వంతు 52 తీసేస్తే 95. వందలోపు, చూడడానికి ఎంతో బాగుంది. అయితే ట్రైగ్లిజరైడ్లు పెరిగేకొద్దీ ఈ సూత్రం ఎల్‌డీఎల్‌ను ఉన్నదానికంటే తక్కువ చేసి చూపుతుంది, 400 దాటితే పనికే రాదు. పైగా, ట్రైగ్లిజరైడ్లు ఎక్కువ ఉన్నవారిలో ఎల్‌డీఎల్ కణాలు చిన్నవిగా, దట్టంగా ఉంటాయి, ఒక్కో కణం మోసే కొలెస్ట్రాల్ తక్కువ. తొంభై అయిదు బస్తాల జీడిపప్పును మూడు లారీల్లో పంపినా, పాతిక ఆటోల్లో పంపినా బస్తాల లెక్క ఒకటే. రోడ్డు మీద వాహనాల లెక్క ఒకటి కాదు. రక్తనాళం గోడలో దూరి ఇరుక్కునేది వాహనమే. ఆ వాహనాలను లెక్కపెట్టే పరీక్ష అపో-బి. ఇంటర్‌హార్ట్‌లో గుండెపోటుకు అన్నింటికంటే గట్టి సూచికగా నిలిచినది అపో-బికీ, హెచ్‌డీఎల్‌కు చెందిన అపో-ఏ1కీ మధ్య నిష్పత్తే. దక్షిణాసియా వారిలోనూ అదే.

అపో-బి పరీక్ష మండల కేంద్రాల్లో దొరకదు, దొరికినా ఖర్చు. కానీ దానికి చాలా దగ్గరగా వచ్చే అంకె ఒకటి ప్రతి రిపోర్టులోనూ పైసా ఖర్చు లేకుండా దాగి ఉంది. మొత్తం కొలెస్ట్రాల్‌లోంచి హెచ్‌డీఎల్ ఒక్కటీ తీసేయాలి, అంతే. దాన్ని నాన్-హెచ్‌డీఎల్ అంటారు. ఎల్‌డీఎల్‌కు పెట్టుకున్న హద్దు కంటే దీని హద్దు 30 ఎక్కువ. అంటే మామూలు మనిషికి 130 లోపు, బీపీ గాని షుగరు గాని ఉన్నవారికి 100 లోపు. డ్రైవరుగారి రిపోర్టులో 178లోంచి 31 తీసేస్తే 147. ఏ జబ్బూ లేని మనిషికైనా అది హద్దు దాటిన అంకె. తండ్రి యాభై లోపు పోయిన మనిషికి అది గంట కొట్టి పిలిచినట్టే. ఆ తీసివేత నాలుగో తరగతి పిల్లవాడు చేయగలడు. ఆ రోజు నేను చేయలేదు.

మన ముప్పులో పుట్టుకతో వచ్చే భాగం కూడా ఉంది. నార్వే శాస్త్రవేత్త కోరె బెర్గ్ 1963లో కనిపెట్టిన లైపోప్రొటీన్ (ఎ) అనే కణం ఎల్‌డీఎల్‌కు తమ్ముడి వంటిది, ఇంకా మొండిది. తిండి మార్చినా, నడిచినా అది పెద్దగా తగ్గదు, తల్లిదండ్రుల నుంచి వచ్చినది వచ్చినట్టే జీవితాంతం ఉంటుంది. జాతుల మధ్య తేడా దీనిలో బాగా కనిపిస్తుంది. ఆఫ్రికా మూలాలవారిలో అన్నింటికంటే ఎక్కువ, తరువాత దక్షిణాసియా వారిలో, ఆ తరువాత తెల్లవారిలో, తూర్పు ఆసియా వారిలో తక్కువ. 2024లో కార్డియలాజికల్ సొసైటీ ఆఫ్ ఇండియా మన దేశానికంటూ విడిగా ఇచ్చిన మార్గదర్శకాల్లో దీన్ని జీవితంలో ఒక్కసారైనా పరీక్షించుకోవాలనీ, 50 మిల్లీగ్రాములు దాటితే మిగతా ముప్పులను మరింత గట్టిగా అదుపు చేయాలనీ చెప్పారు. లైపిడ్ పరీక్షకు, అంటే రక్తంలోని ఈ కొవ్వుల పరీక్షకు, పరగడుపున రావలసిన పని లేదని చెప్పినది కూడా ఆ మార్గదర్శకాలే. పల్లె నుంచి తొలి బస్సులో ఏమీ తినకుండా వచ్చి, మా గుమ్మంలో కళ్లు తిరిగి కూర్చున్న ముసలివాళ్లను చూసిన నాకు ఆ ఒక్క మాట ఎంత మేలు చేస్తుందో తెలుసు. పెళ్లి భోజనం చేసి నేరుగా రావడం మాత్రం మంచిది కాదు.

ఒళ్లు సన్నగా ఉంది కదా అన్న ధీమా మరొకటి. పుణెకు చెందిన డాక్టర్ యాజ్ఞిక్, లండన్‌కు చెందిన డాక్టర్ యుడ్‌కిన్ అనే ఇద్దరు వైద్య పరిశోధకులు 2004లో తమ ఫొటోనే ఒక ప్రఖ్యాత వైద్య పత్రికలో వేయించారు. ఇద్దరి ఎత్తుకు బరువు నిష్పత్తి, అంటే బీఎంఐ, సరిగ్గా 22.3. ఇద్దరూ సన్నవారే. శరీరంలో కొవ్వు మాత్రం ఆంగ్లేయుడికి 9.1 శాతం, మన ఆయనకు 21.2 శాతం. మన వారి కొవ్వు తొడల్లోనో చేతుల్లోనో కాక పొట్ట లోపల, కాలేయం చుట్టూ చేరుతుంది, అక్కడ చేరిన కొవ్వే ట్రైగ్లిజరైడ్లను పెంచి, హెచ్‌డీఎల్‌ను దించి, షుగరుకు దారి తీస్తుంది. అందుకే మనకు బీఎంఐ 23 నుంచే జాగ్రత్త అనీ, మగవారికి నడుము 90, ఆడవారికి 80 సెంటీమీటర్లు దాటకూడదనీ పెట్టారు. మా వీధికి వచ్చే ఆశా కార్యకర్త 30 ఏళ్లు దాటిన వారి నడుమును టేపుతో కొలిచి ఫారంలో రాసుకుంటుంది. ఆడవాళ్లు సిగ్గుపడి, మగవాళ్లు ఊపిరి బిగబట్టి ఆ కొలతను తప్పుగా ఇస్తుంటారు. మా ల్యాబులో చేసే సగం పరీక్షల కంటే ఆ టేపు విలువైనదని నా నమ్మకం.

ఇక్కడ ఒక అభ్యంతరం కూడా చెప్పాలి. దక్షిణాసియా అన్న ఒక్క పేరు కింద లండన్ శివార్లలోని పంజాబీ వ్యాపారినీ, భామిని కొండల్లోని సవర రైతునూ, భావనపాడు మత్స్యకారుణ్ణీ ఒకే గాటన కట్టడం సరి కాదు. వలసపోయిన వారి మీద చేసిన అధ్యయనాలను అనుసరించి మన పల్లెల ముప్పును అంచనా వేయడం కూడా ఒక రకంగా 200 అంకెను అరువు తెచ్చుకోవడం వంటిదే. అయితే పల్లె కదా, మనకెందుకు వస్తుంది అనుకునే రోజులు పోయాయి. గోదావరి జిల్లాల్లోని 45 గ్రామాల్లో ఎవరు దేనితో చనిపోయారని ఇంటింటా అడిగి రాసిన లెక్క 2006లో వెలువడింది. మరణాల్లో 32 శాతం గుండె, రక్తనాళాల జబ్బులవే. దేశమంతటా చేసి 2023లో వెలువరించిన భారత వైద్య పరిశోధన మండలి సర్వేలో కొలెస్ట్రాల్ అంకెల్లో ఏదో ఒక తేడా ఉన్నవారు పెద్దవాళ్లలో 81.2 శాతం.

వలస ఏం చేస్తుందో జపాన్ వారి మీద చేసిన మరో అధ్యయనం చూపించింది. 1965 ప్రాంతంలో మొదలుపెట్టి హిరోషిమా, నాగసాకిల్లో ఉండిపోయిన జపాన్ మగవారినీ, హవాయికి వెళ్లినవారినీ, కాలిఫోర్నియాకు వెళ్లినవారినీ పోల్చి చూశారు. జపాన్‌లో గుండెజబ్బు అన్నింటికంటే తక్కువ, హవాయిలో ఎక్కువ, కాలిఫోర్నియాలో ఇంకా ఎక్కువ. రక్తసంబంధం అదే, మారినది కంచంలోనిదీ, కాళ్లకు పనీ. మన ఉత్తరాంధ్రకు వలస కొత్తది కాదు. ఒక తరం రంగం, అంటే బర్మాలోని రంగూన్, పోయింది, ఒక తరం ఖరగ్‌పూర్ పోయింది, ఇప్పుడు హైదరాబాదు, చెన్నై, గుజరాత్ తీరం పోతున్నారు. చోడి అంబలి తాగి, పొలం గట్ల మీద నడిచిన మనిషి అపార్టుమెంటు కాపలాదారుగా పన్నెండు గంటలు కుర్చీలో కూర్చుని, మూడు పూటలా తెల్లన్నం, పామాయిల్లో వేయించిన బజ్జీలు తిని, సంక్రాంతికి ఇంటికి వచ్చినప్పుడు మా ల్యాబు మెట్లెక్కుతున్నాడు. మూడు నాలుగేళ్ల కిందటి రిపోర్టు పక్కన ఇవాళ్టిది పెట్టి చూస్తే అదే మనిషిదని నమ్మలేం. ఇంటి దగ్గర ఉండిపోయిన ఆడవాళ్లకు అడ్డపొగ ఉంది. చుట్ట నిప్పును నోట్లో పెట్టుకుని తాగే ఈ అలవాటును మన తీరంలో అంగిట పుట్టే క్యాన్సర్‌తో ముడిపెట్టి చాలామంది రాశారు, మంచిదే. అదే పొగ హెచ్‌డీఎల్‌ను తగ్గించి గుండె నాళాలను పాడు చేస్తుందని కూడా రాయాలి.

ఇదంతా చదివి మా జాతికి ఇంతే రాసి ఉందని ఎవరైనా చేతులు ముడుచుకుంటారేమోనన్నది నా భయం. అందుకు ఫిన్లాండ్ వారిని చూడాలి. ఏడు దేశాల అధ్యయనంలో అందరికంటే ఎక్కువ గుండె మరణాలు నమోదైనది తూర్పు ఫిన్లాండ్‌లోనే. అక్కడి నార్త్ కరేలియా ప్రాంతపు మగవారి సగటు కొలెస్ట్రాల్ 1972లో 270కి దగ్గరగా ఉండేది. ఆ ఏడాది పెక్కా పుస్కా అనే యువ వైద్యుడి నాయకత్వంలో ఊరూరా మొదలుపెట్టారు. రొట్టె మీద వెన్న తగ్గించడం, పాలలో మీగడ తీయించడం, ఉప్పు, సిగరెట్టు మాన్పించడం, బీపీకి మందులు అందరికీ అందించడం, ఇంతే. మహిళా సంఘాలు వంటలు నేర్పాయి, పాడి రైతుల్లో కొందరిని పండ్ల సాగుకు మళ్లించారు. నలభై ఏళ్లలో పనిచేసే వయసు మగవారిలో గుండెజబ్బు మరణాలు 80 శాతానికి పైగా తగ్గాయి. జాతి అదే, ఊరు అదే. మన దగ్గర డ్వాక్రా సంఘం లేని ఊరు లేదు.

మందుల గురించి రెండు మాటలే చెబుతాను, తక్కినది వైద్యులు చెప్పాలి. కొలెస్ట్రాల్‌ను తగ్గించే స్టాటిన్ మాత్రలు అన్ని జాతుల వారికీ మేలు చేస్తాయి. ఎల్‌డీఎల్‌ను సుమారు 39 మిల్లీగ్రాములు తగ్గిస్తే గుండెపోటు, పక్షవాతం వంటివి అయిదో వంతుకు పైగా తగ్గుతాయని లక్షన్నర మందికి పైగా పాల్గొన్న పరీక్షలను కలిపి చూసి తేల్చారు. కానీ రోసువాస్టాటిన్ అనే మాత్ర ఆసియా వారి రక్తంలో తెల్లవారికంటే దాదాపు రెట్టింపు మోతాదులో నిలుస్తుంది, అందుకే ఆసియా వారికి 5 మిల్లీగ్రాములతో మొదలుపెట్టమని అమెరికా ఔషధ సంస్థ 2005లోనే సూచించింది. ఇక్కడ మాత్రం పక్కింటాయన వాడుతున్న 20 మిల్లీగ్రాముల ఖాళీ స్ట్రిప్పును మెడికల్ షాపులో చూపించి అదే ఇమ్మనడం నేను కళ్లారా చూస్తున్నాను. కండరాల నొప్పులు రాగానే మొత్తం మానేసేది కూడా వారే. ఈ ఉత్తరం చదివి ఎవరూ తమంతట తాము మాత్ర మొదలుపెట్టవద్దు, వేసుకుంటున్నది మానవద్దు.

పక్కనున్న శ్రీకాకుళం జిల్లాలో కిడ్నీ జబ్బు పట్టి పీడిస్తున్న ఉద్దానంలో, కిడ్నీల పనితీరును చెప్పే క్రియాటినిన్ అన్న మాట తెలియని ఇల్లు లేదు. అక్షరం రాని అవ్వ కూడా తన అంకె 2.4 అనో 3.1 అనో చెబుతుంది, అది ఏ నెలలో ఎంత పెరిగిందో చెబుతుంది. కష్టం ఇంటింటా వచ్చి నేర్పిన చదువు అది. కిడ్నీ జబ్బు ఉన్నవారికి గుండెజబ్బు ముప్పు ఎంతో ఎక్కువ, వారిలో చాలామంది డయాలిసిస్ దాకా వెళ్లకముందే గుండెతోనే పోతారు. కవిటి, సోంపేట, వజ్రపుకొత్తూరు ప్రాంతాల్లో క్రియాటినిన్‌కు తీసిన అదే రక్తంతో లైపిడ్ పరీక్ష కూడా చేయడం పెద్ద పని కాదు. ఇంటింటి సర్వేలో 30 దాటినవారికి బీపీ, షుగరు చూస్తున్నప్పుడు, ఆ రెండింటిలో ఏదైనా ఉన్నవారికీ, నడుము కొలత దాటినవారికీ, ఇంట్లో చిన్న వయసులో గుండెపోటు వచ్చినవారికీ ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోనే ఈ పరీక్ష చేయించాలని రెండు జిల్లాల వైద్యాధికారులకు మీ పత్రిక ద్వారా విన్నవించుకుంటున్నాను.

మీకు నా మనవి ఒకటే. ఆ రంగు గడిలోని వాక్యాన్ని సరిదిద్ది, మళ్లీ అంత పెద్ద అక్షరాలతోనే వేయండి. మొత్తం కొలెస్ట్రాల్ అంకె ఒక్కదాన్నే చూసి నిశ్చింతగా ఉండవద్దనీ, అందులోంచి హెచ్‌డీఎల్ తీసేసి 130తో పోల్చుకోమనీ, నడుము కొలుచుకోమనీ వేయండి. మీ జిల్లా పేజీలో గుండెపోటుతో ఉపాధ్యాయుడి మృతి, విధుల్లో ఉండగా కండక్టర్ మృతి అంటూ వచ్చే చిన్న వార్తల్లో బ్రాకెట్లలో వేసే వయసులను ఒక నెలపాటు వరుసగా చదవండి. నేను చదువుతున్నాను.

మా ల్యాబు రిపోర్టు కాగితాలు ఈ నెలతో అయిపోతాయి. కొత్తవి అచ్చుకు ఇచ్చాను. 200 లోపు నార్మల్ అన్న గడి తీసేయించి, దాని స్థానంలో నాన్-హెచ్‌డీఎల్‌కు ఒక గడి, నడుము కొలతకు ఒక గడి పెట్టించాను. మొదటి కాగితం మీద ఆ డ్రైవరుగారి రెండో పరీక్ష ఫలితం రాస్తాను. ఆయన భార్య ఆయన్ను పదిహేనో తేదీన తీసుకువస్తానంది.

ఇట్లు,
మీ పాఠకుడు,
ల్యాబ్ టెక్నీషియన్,
బొబ్బిలి, విజయనగరం జిల్లా.